బాబాయి వాళ్ల డీటీపీ కంప్యూటర్‌ని వైరస్‌ల నుంచి బాగుచేస్తున్నా: ప్రాజెక్టు డైరీ

ముందు మెషిన్ సంగతి. తెనాలిలో బాబాయి వాళ్లింట్లో ఉన్న బ్రాండెడ్ డెస్క్‌టాప్, ఆరో జనరేషన్ ఇంటెల్ ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ పాత హార్డ్‌డిస్క్, విండోస్ 10. పగలు చెల్లి బీటెక్ అసైన్‌మెంట్లు చేసుకుంటుంది, సాయంత్రం నుంచి బాబాయి డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చడం) పనికి కూర్చుంటాడు, పెళ్లికార్డులు, కరపత్రాలు, అఫిడవిట్లు, అన్నీ పేజ్‌మేకర్‌లో (పేజీలు డిజైన్ చేసే పాత సాఫ్ట్‌వేర్), అను అనే తెలుగు ఫాంట్లతోనే. కంప్లైంట్లు ఏంటంటే పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోతున్నాయి, బ్రౌజర్ తెరవకపోయినా కుడిపక్క కింద మూలన "మీ కంప్యూటర్‌కి వైరస్ సోకింది, వెంటనే రెన్యూ చేయండి" అని బొమ్మలొస్తున్నాయి, ఏ పనీ లేనప్పుడు కూడా ఫ్యాన్ గట్టిగా తిరుగుతోంది.

"మంచి యాంటీవైరస్ ఒకటి కొని వేసెయ్ రా, డబ్బులు నేనిస్తా" అన్నాడు బాబాయి. అప్పుడే కొనొద్దు బాబాయ్, అసలు ఏం జరుగుతోందో చూశాక మాట్లాడదాం అన్నా. చూసింది చూసినట్టు ఇక్కడ రాసి పెడుతున్నా, ఎందుకంటే ఇలాంటి కంప్యూటర్ మన ఊళ్లలో ప్రతి వీధిలో ఒకటి ఉంటుంది, దాంట్లో వాళ్ల పదేళ్ల పని ఉంటుంది.

శనివారం పొద్దున, ముందు ఫైళ్లు

రాగానే చేసిన మొదటి పని నెట్ కేబుల్ పీకేయడం. రెండోది, ఆ విండోస్‌ని అసలు ఆన్ చెయ్యకుండా నా లాప్‌టాప్‌లో తయారు చేసుకొచ్చిన లినక్స్ మింట్ (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) పెన్‌డ్రైవ్‌తో బూట్ చెయ్యడం, అంటే కంప్యూటర్‌ని దాంతోనే మొదలుపెట్టడం. వైరస్ నడుస్తున్న విండోస్‌లో కొత్త హార్డ్‌డిస్క్ పెడితే దానికీ అంటుకుంటుంది, బయట నుంచి బూట్ చేస్తే ఆ విండోస్‌లో ఉన్నదేదీ నడవదు కాబట్టి నిమ్మళంగా కాపీ చేసుకోవచ్చు.

బాబాయి పెన్‌డ్రైవ్ కూడా లినక్స్‌లోనే పెట్టి చూశా. షార్ట్‌కట్ వైరస్ పద్ధతి అక్కడ కళ్లకు కట్టినట్టు కనపడింది. అసలు ఫోల్డర్లు ఎక్కడికీ పోలేదు, అన్నింటినీ పేరు లేని ఒక ఫోల్డర్లోకి తోసేసి దానికి హిడెన్, సిస్టమ్ అనే గుర్తులు పెట్టేసింది, విండోస్ వాటిని చూపించదు, లినక్స్ ఆ గుర్తుల్ని పట్టించుకోదు కాబట్టి అన్నీ చూపించింది. పక్కనే ఒక డాట్ వీబీఎస్ స్క్రిప్ట్, అంటే నొక్కితే నడిచే చిన్న ప్రోగ్రాం ఫైల్. మనకి కనపడే షార్ట్‌కట్ నొక్కితే ముందు ఆ స్క్రిప్ట్ నడుస్తుంది, ఆ తర్వాత అసలు ఫోల్డర్ తెరుచుకుంటుంది, అందుకే మనిషికి అనుమానం రాదు, పని అయిపోయింది కదా అనుకుంటాడు. ఈలోపు స్క్రిప్ట్ కంప్యూటర్‌లో కూర్చుని తర్వాత పెట్టిన ప్రతి పెన్‌డ్రైవ్‌కీ అదే చేస్తుంది. దీంతో భయపడి పెన్‌డ్రైవ్ ఫార్మాట్ కొట్టేసేవాళ్లు చాలామంది ఉన్నారు, దయచేసి కొట్టకండి, మీ ఫైళ్లు అందులోనే ఉంటాయి. వైరస్ లేని కంప్యూటర్లో అట్రిబ్ కమాండ్‌తో ఆ గుర్తులు తీసేస్తే బయటికొస్తాయి.

కాపీ చేసింది పని ఫైళ్లు మాత్రమే: పేజ్‌మేకర్, ఫోటోషాప్, కోరెల్ ఫైళ్లు, పీడీఎఫ్‌లు, ఫోటోలు, చెల్లి డాక్యుమెంట్లు. ఈఎక్స్ఈ (ప్రోగ్రాంని నడిపే ఫైల్), సెటప్ ఫైల్ ఒక్కటి కూడా తీసుకోలేదు. "ఆ సాఫ్ట్‌వేర్లన్నీ మళ్లీ ఎక్కడ తెస్తావురా" అని బాబాయి బెంగ పడ్డాడు గానీ వద్దనే చెప్పా, కారణం కింద ఉంది.

శనివారం మధ్యాహ్నం, అసలు దొంగ ఎక్కడున్నాడు

ఫైళ్లు బయటపడ్డాయి కాబట్టి ఇప్పుడు నెట్ లేకుండా విండోస్ తెరిచా. నేరుగా విండోస్ సెక్యూరిటీలో ఎక్స్‌క్లూజన్స్ అనే లిస్టు దగ్గరికి వెళ్లా, అంటే డిఫెండర్ (విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్) చూడకుండా వదిలేయాల్సిన చోట్లు. అక్కడ సి డ్రైవ్ మొత్తం ఉంది. మొత్తం! డిఫెండర్ ఆన్‌లోనే ఉంది, పచ్చ టిక్కు కూడా చూపిస్తోంది, కానీ విండోస్ ఉన్న డ్రైవ్‌నే చూడొద్దని ఎవరో చెప్పి పెట్టారు.

ఎవరో కాదు, యాక్టివేటర్, అంటే లైసెన్స్ కొనకుండానే ఉన్నట్టు విండోస్‌ని నమ్మించే దొంగ ప్రోగ్రాం. కిందటిసారి కంప్యూటర్ స్లో అయితే ఊళ్లోనే ఒక షాపులో ఇచ్చారట, వాళ్లు ఫార్మాట్ చేసి విండోస్ ప్రో వేసి, దానికి లైసెన్స్ లేకపోతే క్రాక్ యాక్టివేటర్ నడిపారు. ఈ యాక్టివేటర్లని యాంటీవైరస్ పట్టేస్తుంది, అందుకని ముందు డిఫెండర్‌ని ఆపడమో, ఎక్స్‌క్లూజన్ పెట్టించుకోవడమో చేస్తాయి, పని అయ్యాక ఆ ఎక్స్‌క్లూజన్ తీసేవాళ్లు ఉండరు. ఆ రోజు నుంచి ఆ కంప్యూటర్‌లోకి ఏదొచ్చినా అడిగేవాడు లేడు. దీని మీద ఎంత ఖరీదైన యాంటీవైరస్ కొన్నా రేపు ఇంకో క్రాక్ సెటప్ "యాంటీవైరస్ ఆపి రన్ చెయ్యి" అంటే మనమే ఆపేస్తాం కదా, నాకు బాధ అనిపించేది అక్కడే.

బాధ ఎక్కువ ఎందుకంటే ఈ మెషిన్‌కి అసలు లైసెన్స్ ఉంది. బ్రాండెడ్ డెస్క్‌టాప్ కదా, విండోస్ 10 హోమ్ రకానికి కీ (లైసెన్స్ నంబర్) మదర్‌బోర్డులోనే ఉంది. హోమ్ వేసి ఉంటే దానంతటదే యాక్టివేట్ అయ్యేది, పైసా ఖర్చు లేదు.

తర్వాత మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆటోరన్స్ టూల్ నడిపా, విండోస్‌తో పాటు మొదలయ్యేవన్నీ అది చూపిస్తుంది. టాస్క్ షెడ్యూలర్‌లో ఆ వీబీఎస్ స్క్రిప్ట్‌ని పదేపదే లేపే టాస్క్ ఒకటి, యాప్‌డేటాలో అర్థం లేని అక్షరాల పేరుతో ఇంకో ప్రోగ్రాం. దాని హ్యాష్ (ఫైల్‌కి వేలిముద్ర లాంటి అక్షరాల వరస) తీసి నా ఫోన్‌లో వైరస్‌టోటల్‌లో (చాలా యాంటీవైరస్‌లతో ఒకేసారి చూసే సైట్) వెతికితే చాలా ఇంజిన్లు ఎర్రగా చూపించాయి, క్రిప్టో మైనర్ అని, అంటే మన కంప్యూటర్ శక్తి వాడుకుని వేరేవాళ్లకి క్రిప్టో డబ్బు సంపాదించి పెట్టేది. ఫ్యాన్ సంగతి తేలింది. ఒక మాట, వైరస్‌టోటల్‌లో హ్యాష్ వెతకండి గానీ మీ ఆధార్ పీడీఎఫ్, బ్యాంకు స్టేట్‌మెంట్ లాంటివి అప్‌లోడ్ చెయ్యకండి, అక్కడ పెట్టిన ఫైళ్లని డబ్బు కట్టిన సంస్థలు దించుకోగలవు.

డౌన్‌లోడ్స్‌లో వీడియో ఎడిటర్ క్రాక్ అని ఒక జిప్ ఉంది, పాస్‌వర్డ్ 1234, లోపల టెక్స్ట్ ఫైల్లో "ముందు యాంటీవైరస్ ఆపండి" అని. జిప్‌కి పాస్‌వర్డ్ పెట్టేది మన మంచికి కాదు, డౌన్‌లోడ్ అయ్యేటప్పుడు స్కానర్ లోపలికి చూడలేకుండా. ఇలాంటి వాటిలో ఈమధ్య ఎక్కువగా వచ్చేవి స్టీలర్లు, బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు (లాగిన్ అయి ఉన్నామని బ్రౌజర్ దాచుకునే గుర్తులు) ఎత్తుకుపోయేవి. కుకీ దొరికితే వాడికి పాస్‌వర్డూ అక్కర్లేదు, ఓటీపీ కూడా అక్కర్లేదు, నేరుగా మీ అకౌంట్‌లోకి వచ్చేస్తాడు. ఇంకో రకం ఇంకా ఘోరం, స్టాప్ అనీ డీజేవీయూ అనీ పిలిచే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగేది) ఇలాంటి క్రాక్‌ల వెంటే తిరిగింది, అది తగిలుంటే బాబాయి ఫైళ్లన్నీ తాళం పడిపోయేవి.

కాబట్టి నిర్ణయం: స్కాన్ చేసి శుభ్రం చెయ్యడం కాదు, మొత్తం తీసేసి కొత్తగా వెయ్యడం. ఇన్నాళ్లు కాపలా లేని మెషిన్‌లో ఏమేం దాక్కున్నాయో ఏ స్కానరూ పూర్తిగా హామీ ఇవ్వలేదు.

శనివారం రాత్రి, పాస్‌వర్డ్‌లు

కంప్యూటర్ పక్కన పెట్టేసి చెల్లి ఫోన్‌లో కూర్చున్నాం. చెల్లి జీమెయిల్, బాబాయి జీమెయిల్, చెల్లి ఇన్‌స్టా, పిన్ని బ్యాంకు లాగిన్ (ఇందులోనే ఒకసారి వాడిందట). ముందు "అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్", తర్వాత కొత్త పాస్‌వర్డ్, తర్వాత టూ స్టెప్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో రుజువు కూడా అడగడం). సైన్ అవుట్ మర్చిపోతే పోయిన కుకీ ఇంకా పనిచేస్తూనే ఉండొచ్చు. రికవరీ ఫోన్ నంబర్, రికవరీ మెయిల్ మనవేనా అని కూడా చూశాం, మనవే.

ఆదివారం, కొత్త విండోస్

240 జీబీ ఎస్ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కంటే వేగంగా పనిచేసే డిస్క్) ఒకటి తెచ్చి పెట్టా, పాత హార్డ్‌డిస్క్ పీకి పక్కన పెట్టా. నా లాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో ఇన్‌స్టాలర్ చేసుకున్నా. ఊహించినట్టే కీ అడగలేదు, హోమ్ వేసింది, నెట్ ఇవ్వగానే యాక్టివేటెడ్ అంది. బాబాయి మొహం చూడాలి.

విండోస్ 11 ఎందుకు వెయ్యలేదంటే ఈ ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ లిస్టులో లేదు, ఇంటెల్‌లో ఏవో కొన్ని తప్ప ఎనిమిదో జనరేషన్ నుంచే ఒప్పుకుంటుంది, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కూడా కావాలి. అడ్డదారిలో వెయ్యొచ్చు గానీ అప్‌డేట్లు సరిగ్గా వస్తాయన్న గ్యారంటీ లేనిది ఇంట్లోవాళ్లకి పెట్టను. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న అయిపోయింది, కానీ ఇళ్లలో వాడేవాళ్లకి ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ అని 2026 అక్టోబర్ 13 దాకా ఇస్తున్నారు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం. వెర్షన్ 22హెచ్2 అయ్యుండాలి. అప్‌డేట్లన్నీ అయ్యాక విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ అని వచ్చింది, నొక్కా, అయిపోయింది. ఆ గడువులోపు ఈ మెషిన్‌ని మార్చడమో, పేజ్‌మేకర్ పనికి ఇంకేదో చూడడమో చెయ్యాలి, అది పెద్ద ప్రాజెక్టు, దాని గురించి విడిగా రాస్తా.

అప్‌డేట్ల మీద బాబాయితో కాస్త వాదన అయింది. "పని మధ్యలో రీస్టార్ట్ అయి చంపుతుంది రా, అందుకే ఆపించేశా" అన్నాడు. ఆ బాధ నిజమే, అందుకని యాక్టివ్ అవర్స్‌లో ఆయన పనిచేసే గంటలు పెట్టేశా, ఆ టైములో తనంతట తాను రీస్టార్ట్ అవ్వదు. ఆపకూడదని మాత్రం గట్టిగా చెప్పా. 2017 మే నెలలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు అది దూరిన కన్నం మూసే అప్‌డేట్ మార్చిలోనే వచ్చేసింది, వేసుకోనివాళ్లే దెబ్బతిన్నారు, మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని పడ్డాయి. అది విన్నాక ఒప్పుకున్నాడు.

ఆదివారం సాయంత్రం, ఎవరికి ఎంత అధికారం

ఈ మొత్తం ప్రాజెక్టులో నా దృష్టిలో అన్నిటికంటే విలువైన పని ఇదే. ఇంతకుముందు ఒకటే అకౌంట్, అది అడ్మిన్, అంటే అన్ని అధికారాలూ ఉన్నది. ఇప్పుడు అడ్మిన్ అకౌంట్ విడిగా ఒకటి, దాన్ని రోజువారీ ఎవరూ వాడరు, బాబాయికి ఒక స్టాండర్డ్ అకౌంట్, చెల్లికి ఒకటి. స్టాండర్డ్‌లో ఉన్నప్పుడు ఏదైనా ప్రోగ్రాం సిస్టమ్‌ని మార్చాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. "యస్" నొక్కితే పోదు, టైప్ చెయ్యాలి. ఆ టైప్ చేసే టైములో మనిషి ఒక్క క్షణం ఆలోచిస్తాడు. డిఫెండర్‌కి ఎక్స్‌క్లూజన్ పెట్టడం స్టాండర్డ్ అకౌంట్‌లో కుదరదు. అయితే ఆ అకౌంట్ తాలూకు ఫైళ్లకి, బ్రౌజర్ పాస్‌వర్డ్‌లకి ఇది రక్షణ కాదు, మాల్‌వేర్ అడ్మిన్ లేకుండా కూడా వాటిని ముట్టుకోగలదు, అందుకే కింద చెప్పినవి కూడా కావాలి.

ఇబ్బంది వచ్చింది పేజ్‌మేకర్‌తో. 7.0 వచ్చింది 2001లో, అప్పటి సాఫ్ట్‌వేర్లు తమ సెట్టింగులన్నీ ప్రోగ్రాం ఫైల్స్‌లోనే రాసుకుంటాయి, స్టాండర్డ్ అకౌంట్‌కి అక్కడ రాసే హక్కు లేదు, తెరవగానే ఎర్రర్. చాలామంది ఇక్కడే విసిగిపోయి మళ్లీ అడ్మిన్ ఇచ్చేస్తారు. అక్కర్లేదు, ఆ ఒక్క ఫోల్డర్‌కి ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీకి వెళ్లి ఆ యూజర్‌కి మోడిఫై పర్మిషన్ ఇస్తే చాలు. పేజ్‌మేకర్, అను రెండూ బాబాయి దగ్గరున్న పాత సీడీల నుంచే వేశా, తెరుచుకున్నాయి, పాత పెళ్లికార్డు ఒకటి తీస్తే ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా వచ్చాయి.

చెల్లికి క్రాక్‌లు అక్కర్లేకుండా డాక్యుమెంట్లకి లిబ్రేఆఫీస్, ఫోటోలకి జింప్, వీడియోకి షాట్‌కట్ వేశా. "ఇవి బానే ఉన్నాయి అన్నయ్యా, ముందే తెలిస్తే ఆ జిప్ జోలికి పోయేదాన్నే కాదు" అంది. పిల్లలకి ఉచితంగా దొరికే మంచివి చూపించకుండా క్రాక్ వాడొద్దని మాత్రమే చెప్తే ఎవరూ వినరు.

తర్వాతి వారం, డిఫెండర్

యాంటీవైరస్ కొనలేదు, డిఫెండరే ఉంచాం. టాంపర్ ప్రొటెక్షన్ ఆన్, అంటే వేరే ప్రోగ్రాం వచ్చి డిఫెండర్‌ని ఆపకుండా. క్లౌడ్ ప్రొటెక్షన్ ఆన్. అనవసరపు యాప్‌లని ఆపే రెప్యుటేషన్ సెట్టింగ్ ఆన్. ఎక్స్‌క్లూజన్స్ ఖాళీ.

పనిచేస్తోందో లేదో ఐకార్ టెస్ట్ ఫైల్‌తో చూశా. అది వైరస్ కాదు, యాంటీవైరస్‌లన్నీ పరీక్ష కోసం గుర్తుపట్టేలా ఒప్పుకున్న 68 అక్షరాల ఒక వరస, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి సేవ్ చెయ్యగానే డిఫెండర్ లాగేసుకుంది. పక్కన చూస్తున్న బాబాయికి మొదటిసారి నమ్మకం కుదిరింది. మీరూ మీ ఇంట్లో ఒకసారి చేసి చూడండి, పచ్చ టిక్కుని నమ్మి ఊరుకోకండి.

కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ కూడా ఆన్ చేశా, రాన్సమ్‌వేర్ కోసం. తెలియని ప్రోగ్రాంలు డాక్యుమెంట్స్ లాంటి ఫోల్డర్లలో ఉన్న ఫైళ్లని మార్చకుండా ఆపుతుంది. పేజ్‌మేకర్‌ని కూడా ఆపింది, సేవ్ కావట్లేదని బాబాయి ఫోన్, నేను హైదరాబాద్‌లో. రిమోట్‌గా పేజ్‌మేకర్‌ని అనుమతించిన యాప్‌ల లిస్టులో చేర్చా. పనికి వాడే ప్రోగ్రాంలని దాంట్లో చేర్చుకుంటూ పోవాలి, మొదటి వారం కొంచెం చికాకు ఉంటుంది, తర్వాత ఉండదు.

పెన్‌డ్రైవ్‌ల సంగతి

డీటీపీ చేసేవాళ్లకి పెన్‌డ్రైవ్ తప్పదు, ప్రింటింగ్ ప్రెస్‌కి, జిరాక్స్ షాపుకి వెళ్లి రావాల్సిందే, అక్కడ రోజుకి ఊరందరి పెన్‌డ్రైవ్‌లూ ఒకే మెషిన్‌లో పెడతారు. కాబట్టి బయటికి వెళ్లే పెన్‌డ్రైవ్ ఒకటి విడిగా, చిన్నది, దాంట్లో ఆ రోజు ఇవ్వాల్సిన ఫైల్ తప్ప ఏదీ ఉండదు, తిరిగొచ్చాక ఫార్మాట్. ఫైళ్లు దాచుకోవడానికి పెన్‌డ్రైవ్ వాడడం మానేశాడు.

కంప్యూటర్‌లో మార్చినవి: ఆటోప్లే ఆఫ్. ఫైల్ పేర్ల చివర ఎక్స్‌టెన్షన్ కనపడేలా పెట్టా, అప్పుడే ఫోటో.జేపీజీ.ఈఎక్స్ఈ అని పూర్తి పేరు కనపడుతుంది, లేకపోతే విండోస్ చివరిది దాచేసి ఫోటో అనిపిస్తుంది. డాట్ వీబీఎస్, డాట్ జేఎస్ ఫైళ్లు నొక్కితే నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునేలా మార్చా, అంటే పొరపాటున డబుల్ క్లిక్ చేసినా నడవకుండా అక్షరాలు కనపడతాయి. షార్ట్‌కట్ లోపల నుంచి నేరుగా స్క్రిప్ట్ ఇంజిన్‌ని పిలిస్తే దీంతో ఆగదు కాబట్టి రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగులు ఉండే చోటు) విండోస్ స్క్రిప్ట్ హోస్ట్‌నే, అంటే ఆ స్క్రిప్ట్‌లని నడిపేదాన్నే, ఆపేశా. బాబాయి వాళ్ల పనికి దాని అవసరం ఎక్కడా పడలేదు.

బ్రౌజర్, రౌటర్

కుడి మూలన వచ్చే వైరస్ బొమ్మలు అసలు వైరస్ కాదు. ఏదో సినిమా సైట్లో "అలో నొక్కితేనే వీడియో వస్తుంది" అంటే నొక్కిన నోటిఫికేషన్ పర్మిషన్ అది. కొత్త విండోస్‌లో బ్రౌజర్ నోటిఫికేషన్లు అసలు అడగకుండానే ఆపేశా. ఫైర్‌ఫాక్స్ వేసి ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ పెట్టా, నకిలీ డౌన్‌లోడ్ బటన్లు చాలావరకు పోతాయి.

చెల్లికి ఒకటి ప్రత్యేకంగా చూపించా. ఈమధ్య నకిలీ క్యాప్చాలు వస్తున్నాయి, "నేను రోబో కాదు" నొక్కాక "విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి, కంట్రోల్ వి కొట్టండి, ఎంటర్ కొట్టండి" అంటుంది. మనకి తెలియకుండా క్లిప్‌బోర్డులోకి కమాండ్ కాపీ చేసి మనతోనే నడిపిస్తారు. మన చేత్తో మనం నడిపిన దాన్ని ఆపడం ఏ యాంటీవైరస్‌కైనా కష్టమే. ఏ నిజమైన క్యాప్చా కూడా కీబోర్డులో అలా నొక్కమనదు, అది ఒక్కటి గుర్తుంటే చాలు.

రౌటర్ పాస్‌వర్డ్ ఇంకా అడ్మిన్, అడ్మినే ఉంది, మార్చా. డీఎన్ఎస్ (సైట్ పేరుని బట్టి దాని అడ్రస్ వెతికిపెట్టేది) 1.1.1.2, 1.0.0.2 పెట్టా, క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లది, తెలిసిన మాల్‌వేర్ సైట్లని ఆపుతుంది, ఇంట్లో ఫోన్లకి కూడా పనిచేస్తుంది.

బ్యాకప్

ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఒకటి. శనివారం సాయంత్రం పెట్టాలి, కాపీ అవ్వాలి, పీకి బీరువాలో పెట్టాలి. ఎప్పుడూ తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ దాన్ని కూడా తాళం వేసేస్తుంది, అందుకే పీకడం ముఖ్యం. విండోస్‌లో ఉన్న ఫైల్ హిస్టరీ వాడాం, పాత వెర్షన్లు కూడా ఉంచుతుంది. ముఖ్యమైన పేజ్‌మేకర్ ఫైళ్లు ఇంకో కాపీ గూగుల్ డ్రైవ్‌లో.

బ్యాకప్ చేశామంటే సరిపోదు, తిరిగి రావాలి. ఈ శనివారం బాబాయి చేతే ఒక కరపత్రం ఫైల్ డిలీట్ చేయించి, పాత వారం వెర్షన్ వెనక్కి తెప్పించా. ఆయనే చేశాడు, నేను ముట్టుకోలేదు. పిన్ని బీరువా తాళం తనే తీసిచ్చింది, ప్రతి శనివారం గుర్తు చేసే బాధ్యత తనదేనంది.

ఇంకా మిగిలింది

బాబాయి ఫోన్. కస్టమర్లు కార్డు మేటర్ అంతా వాట్సాప్‌లోనే పంపుతారు, అందులో "పెళ్లి పత్రిక" అని ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ వేసే ఫైల్) ఒకటి వచ్చి ఉంది, ఇంకా ఇన్‌స్టాల్ చెయ్యలేదు. పెళ్లిపత్రిక పేరుతో, చలాన్ పేరుతో ఇవి బాగా తిరుగుతున్నాయి, వేసుకుంటే ఎస్ఎంఎస్‌లు చదివి ఓటీపీలు పట్టుకుపోతాయి. పీడీఎఫ్, ఫోటో, టెక్స్ట్ తప్ప ఇంకేం వచ్చినా తెరవొద్దని చెప్పి అది డిలీట్ చేయించా. వచ్చేవారం ఫోన్‌లో "తెలియని యాప్‌ల ఇన్‌స్టాల్" పర్మిషన్ వాట్సాప్‌కి, ఫైల్ మేనేజర్‌కి తీసెయ్యాలి, ప్లే ప్రొటెక్ట్ (ఫోన్‌లో యాప్‌లని తనిఖీ చేసే గూగుల్ కాపలా) స్కాన్ చెయ్యాలి, హైదరాబాద్ సీడాక్ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ) వాళ్లు చేసిన ఎం కవచ్ అనే సెక్యూరిటీ యాప్ ఆయన ఫోన్‌లో ఎలా పనిచేస్తుందో చూడాలి. సైబర్ మోసంలో డబ్బు పోతే వెంటనే ఫోన్ చెయ్యాల్సిన 1930 నంబర్ కంప్యూటర్ పక్కన గోడకి అంటించా, బాబాయే అను ఫాంట్లో పెద్దక్షరాలతో టైప్ చేసి ప్రింట్ తీశాడు.